పైడమ్మక్క జుట్టుకి ఏ షాంపూ

బెంగళూరు,
మంగళవారం.

తల్లి తర్వాత తల్లి అయిన పైడమ్మక్కకి, తమ్ముడు సింహాచలం దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ లావణ్యా కులాసాగా ఉన్నారని, రాములు బావ మోకాలి నొప్పి తగ్గిందని, చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో బావ కటింగు షాపు ఎప్పటిలాగే నడుస్తోందని అనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలిసే దారి లేదు. పది నెలలై నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే చూసిన గుర్తు కూడా పడదు. అందుకని తెల్ల కాగితాలు కొనుక్కొచ్చి ఉత్తరం రాస్తున్నాను. పకోడీల పొట్లం విప్పినా ఆ కాగితం మీద ఏముందో చదివి గాని పారెయ్యవు నువ్వు. ఇదీ చదువుతావని ధైర్యం.

మళ్ళీ చెప్తున్నాను, నేను బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోకు. గదిలో ముగ్గురం ఉంటాం. ఇక్కడ చలీ కాదు ఎండా కాదు, ఏ కాలమో చెప్పడానికి కేలండరు చూడాలి. సాంబారు తియ్యగా ఉంటుంది, బెల్లం వేస్తారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు, తినేస్తున్నాను. నీళ్ళు మాత్రం టేంకరువి. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది, గీకినా పోదు.

పని మామూలే. నాన్న తెల్లారి గుళ్ళో సన్నాయి ఊది, ఆ తర్వాత కత్తి పెట్టె పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు కదా. ఇక్కడ నేను నల్ల చొక్కా తొడుక్కుని మాల్‌లో రెండో అంతస్తులో నిలబడితే, జనమే వచ్చి నా ముందు తల వెనక్కి వాల్చి పడుకుంటారు. రోజుకి పదిహేను ఇరవై తలలు కడుగుతాను. కడిగిన ప్రతి తలకీ ఒక షాంపూ సీసా అంటగట్టాలి. "మీ జుట్టు బాగా పొడిబారింది మేడం" అన్న ముక్క నాలుగు భాషల్లో వచ్చు నాకు.

ఒక్క సంగతి ఉంది. తల కడిగే ముందు నీళ్ళ వేడి మణికట్టు మీద పోసుకుని చూసుకోవాలి. ఈ మధ్య అది నాకు తెలియడం లేదు. నాకు గోరువెచ్చగానే ఉంటాయి, పడుకున్నావిడ కాలిపోయానని లేచి కూర్చుంటుంది. డాక్టరు సూదితో పొడిచి చూసి నరాలు బాగానే ఉన్నాయన్నాడు. ఆకలేస్తుంది, తింటాను, ఏం తిన్నావని అడిగితే చెప్పలేను. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంతే. ఏడుపు రాలేదు. రానందుకు బాధ కూడా లేదు. భయపడకు, ఒంట్లో ఏమీ లేదు, బాగానే ఉన్నాను.

నాన్న పదోరోజు సంగతి నీకు తెలుసు. నువ్వు నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నావు. అయినా నా నోటితో నేను ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ముందురోజు సాయంత్రం మా సెలూన్ మేనేజరు మేడం ఫోన్ చేసింది. కొత్త షాంపూ వస్తోంది, దాని పోస్టరుకి నా తలే ఫొటో తియ్యాలని ముందే అనుకున్నారు. నా జుట్టు అప్పట్లో అలా ఉండేది, నీకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నువ్వు కుంకుడుకాయ రసంతో రుద్దిన జుట్టు అది. "గుండుతో వచ్చేటట్టయితే ఇంక రావద్దు" అంది మేడం. నేను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నాగావళి ఒడ్డున అందరి ముందూ కూర్చున్నాక, పక్కూరి నుంచి వచ్చిన అప్పన్న మావ నా తల తడపబోతుంటే చెయ్యి పట్టుకుని మెల్లిగా అన్నాను, "ఓ పాయ కత్తిరించి ఒగ్గీ మావా, ఉజ్జోగం పోతాది" అని.

ఆయన కత్తి కింద పెట్టేశాడు. "మీ నాయిన ఈ సుట్టుపక్కల పదూళ్ళకి గొరిగినోడురా. తండ్రి పోతే తల ఇవ్వని కొడుకుని ఆడు సూళ్ళేదు, నానూ సూళ్ళేదు" అన్నాడు. తర్వాత ఎవరో పెద్దాయన సర్దిచెప్తే ఒక పాయ కత్తిరించి నీళ్ళలో వేశాడు. నా మొహం చూడలేదు. ఎంతమంది తండ్రులు పోయినప్పుడు నాన్న వాళ్ళ కొడుకులకి గుండు చేసి పంపించాడో లెక్కలేదు. ఆయన సొంత కొడుకు మాత్రం నున్నగా దువ్వుకుని ఒడ్డెక్కాడు.

నువ్వు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక మైల తీరడానికి అందరి తలకీ నూనె ముట్టిస్తుంటే, నీ వంతు వచ్చేసరికి లేచి లోపలికి వెళ్ళిపోయావు. వంటింట్లో పనుందేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆమదాలవలసలో రైలెక్కేశాను.

పోస్టరు తీశారు. మాల్ మెట్ల దగ్గర మనిషంత ఎత్తున పెట్టారు. తల విసురుతూ నవ్వుతుంటాను అందులో. దాని కిందనుంచే రోజూ పనిలోకి వెళ్తాను. ఒక విచిత్రం, ఆ ఫొటో కోసం ఏవేవో పూసి, రంగు వేసి, వేడి యంత్రంతో లాగి, వదిలేశాక నా జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. సెలూన్‌లో ఉన్న ప్రతి సీసా వాడి చూశాను. పొడిజుట్టు పోగొట్టే పోస్టరు మీద నేను, దాని కింద పొడిజుట్టుతో నేను. నదీం భాయ్ నవ్వేవాడు. నదీం భాయ్ అంటే నా గదిలో ఉండే ఆయనే, లక్నో దగ్గరి మనిషి, నా పక్క కుర్చీలో కటింగు చేస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. లావణ్యని తిట్టనని ముందు అనుకుని తర్వాత చదువు.

రెండు వారాల కిందట లావణ్య నుంచి మెసేజ్ వచ్చింది. "మావయ్యా, అమ్మ జుత్తు గడ్డిలా ఎండిపోతన్నాది. దువ్వితే అన్నీ సిక్కులే. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, ఏ షాంపూ మంచిదో సెప్పు. నేనడిగానని అమ్మకి తెలీకూడదు." పది నెలల్లో మీ ఇంటి నుంచి నాకు వచ్చిన మొదటి మాట అది. నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, పెద్ద డాక్టరులా ప్రశ్నలు వేశాను. ఏ నీళ్ళు పోసుకుంటాది, వారానికి ఎన్నిసార్లు, వేణ్ణీళ్ళా చన్నీళ్ళా, ఇప్పుడు ఏది వాడుతోంది. పాపం పిల్ల అన్నిటికీ జవాబు పెట్టింది. కుళాయి నీళ్ళు, వారానికోసారి, కొట్లో దండలా వేలాడదీస్తారే, ఆ పేకెట్లు.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. నురగ చూసి మోసపోవద్దు, ఎక్కువ నురగ వచ్చేది జిడ్డు తలకి పనికొస్తుంది. సీసా ఎత్తి వెలుతురులో చూస్తే అవతలి వేళ్ళు కనబడేది వద్దు, పాలలా చిక్కగా ఉండేది తీసుకోవాలి. మాడుకి మాత్రమే రుద్దాలి, కొసలకి రుద్దకూడదు. తువ్వాలుతో బాదకూడదు, అద్దాలి. ఇవన్నీ నిజాలే అక్కా, అమ్ముకోవడానికి చెప్పేవి కావు. ఒక మంచి సీసా తీసి గుడ్డ చుట్టి పార్సిలుకి సిద్ధం చేశాను. కట్టే ముందు అలవాటు కొద్దీ ఒక ఫొటో పంపమన్నాను. జుట్టు చూడకుండా సీసా ఇవ్వడం నా చేత కాదు.

నువ్వు వెనక్కి తిరిగి కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్నావు ఆ ఫొటోలో. రంగు వేసి పాడైన జుట్టు ఒకలా ఉంటుంది, ఉప్పునీళ్ళకి పాడైంది ఒకలా ఉంటుంది, జబ్బు మనిషిది ఇంకోలా ఉంటుంది. నాకు కూడు పెట్టే విద్య ఇదొక్కటే. వేలితో ఫొటోని పెద్దది చేసి చూశాను. నీ జుట్టుకి ఏ జబ్బూ లేదు. కుదుళ్ళు గట్టిగా ఉన్నాయి. నెలల తరబడి నూనె చుక్క తగల్లేదు, అంతే. కొబ్బరినూనె లేకుండా గడప దాటని మనిషివి నువ్వు. నా తలకి కూడా పట్టించి, నుదుటి మీదికి కారితే నీ పైట చెంగుతో తుడిచేదానివి.

అమ్మ ఏ నూనె వాడతాదని అడిగాను. లావణ్య జవాబు పెట్టింది. "నూనె పెట్టుకోదు మావయ్యా. తాతయ్య పదోరోజు కాడ్నించీ పెట్టుకోదు. నాన్న రెండుసార్లు సెప్పి ఊరుకున్నాడు. నేను రాస్తానంటే సెయ్యి తోసేస్తాది. ఎందుకే అంటే ఏటీ అనదు."

నేను ఫోను జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళాను. ఆ రోజు కూడా పద్దెనిమిది తలలు కడిగాను. పార్సిలు మాత్రం విప్పేశాను. నాకు దుఃఖం రాలేదక్కా, సిగ్గేసింది. పది నెలలుగా ఏమీ తగలని నాకు మొదట తగిలింది అదే. పెళ్ళయిన ఆడపిల్లవి, మూడు రోజులు పాటిస్తే నీ మైల తీరిపోయేది. నేను ఇవ్వాల్సింది ఇవ్వలేదని నువ్వు పది నెలలు పట్టావు. ఎవరికీ చెప్పలేదు, నా గురించి ఒక్కరితోనూ చెడ్డగా అనలేదు, నీ తల ఎండబెట్టుకుని ఊరుకున్నావు.

నిన్న మాకు సెలవు. నదీం భాయ్‌ని గది బయట కుళాయి దగ్గర పీట మీద కూర్చోబెట్టి, కాదు, నేను కూర్చుని, ఆయన్ని నాకు గుండు చెయ్యమన్నాను. మొక్కుబడా అని అడిగాడు. మా నాన్నకి అన్నాను. లోపలికి వెళ్ళాడు. మిషను తీసుకొస్తే వద్దని కత్తితో చెయ్యమన్నాను. తల ఎలా తడపాలో, నడినెత్తి నుంచి ఎలా దిగాలో, నాన్న ఎలా చేసేవాడో చెప్తూ ఉన్నాను, ఆయన అలాగే చేశాడు. రంగు వేసిన జుట్టు అంతా సిమెంటు మీద పడింది. ఎడమ చెవి వెనక ఒక గాటు పడింది, చిన్నదే. చివర్న ఒక చెంబు నీళ్ళు గుమ్మరించాడు. చాలా చల్లగా ఉన్నాయి. ఆ మాట పైకే అన్నాను, "చల్లగా ఉన్నాయి భాయ్" అని. తెలుగులో అన్నాను, ఆయనకి అర్థం కాలేదు.

ఏడుపు మాత్రం ఇంకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఈ రోజు పనిలోకి వెళ్తే మేనేజరు మేడం పోస్టరునీ నన్నూ మార్చి మార్చి చూసింది. జుట్టు పెరిగేదాకా కస్టమర్ల కంట పడొద్దంది. లోపల తువ్వాళ్ళు ఉతికి మడతపెట్టే గదిలో వేశారు. తర్వాత ఉంచుతారో లేదో తెలీదు. తువ్వాళ్ళకి నా తలతో పనిలేదు కాబట్టి అక్కడ హాయిగానే ఉంది. దీని గురించి నువ్వు దిగులుపడకు. మన చేతిలో విద్య ఉంది, ఇంకో కుర్చీ దొరుకుతుంది.

పది నెలలు ఆలస్యంగా ఇచ్చింది నాన్నకి చేరుతుందో లేదో నాకు తెలీదు. ఇక్కడ గుళ్ళో పంతులుగారిని అడిగితే ఆయన కూడా సరిగ్గా చెప్పలేదు, మనసులో ఏముందో అదే లెక్క అన్నాడు. నా మనసులో ఏముందో నాకే తెలియడం లేదని ఆయనకి చెప్పలేదు. స్టూడియోకి వెళ్ళి రెండు ఫొటోలు తీయించాను, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఉత్తరంలో పెడుతున్నాను. నవ్వకు, నా తల వెనక ఇంత నొక్కుందని నాకే ఇప్పుడు తెలిసింది.

బావకి నమస్కారాలు. నాన్న కత్తి ఆయన దగ్గరే ఉంది కదా, ఊరికే పెట్టెలో పెట్టకుండా వాడుకోమను, పదును పోతుంది. అప్పన్న మావ కనబడితే నా దండాలు చెప్పు, ఆ రోజు ఆయన అన్నది న్యాయమే. లావణ్యని బాగా చదువుకోమను. ఈ సంగతంతా దానివల్లే నాకు తెలిసింది, దాన్ని ఒక్క మాట కూడా అనొద్దు. నీ దీవెన అడిగే మొహం ఇంకా లేదు గాని, నువ్విస్తే కాదనను.

నాతో మాట్లాడమని ఈ ఉత్తరం రాయలేదు. ఫోను ఎత్తకపోయినా సరే, ఇంకో పది నెలలు ఎత్తకపోయినా సరే. నీ జుట్టుకి ఏ షాంపూ మంచిదని పిల్ల అడిగింది కదా, దానికి జవాబు రాస్తున్నాను. నీకు షాంపూ అక్కర్లేదు. ఇవ్వాల్సిన తల నేను ఇచ్చేశాను. కొబ్బరినూనె కాస్త వెచ్చబెట్టి, లావణ్యని పిలిచి, దాని ముందు పీట వేసుకుని కూర్చో. ఈసారి పిల్ల చెయ్యి తొయ్యకు అక్కా.

ఇట్లు,
నీ చంకలో పెరిగిన తమ్ముడు,
సింహాచలం