పెద్దక్క పరుగు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఫోను చేస్తే "సైటులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. ఇవాళ పాలవాడు పేపరు చూపించాడు. గుర్రప్పందేల్లో "పెద్దక్క అందరికన్నా వెనక" అని అచ్చేశారు. యజమాని నువ్వట! మా వీధిలో పెద్దక్కంటే నేనే కదా? పొద్దుట్నుంచి అందరూ నా మోకాళ్ళ గురించి అడుగుతున్నారు. ఏమిట్రా ఇది?

ఇట్లు,
మీ అక్క

తా.క. నేనింకా పరిగెత్తగలను.

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

కోప్పడకు. నేను తాపీ పట్టుకున్న రోజుల్లో ఇటుకలు అందించింది నువ్వే. ఇవాళ నన్ను బిల్డరుగారంటున్నారంటే నీ చలవే. అందుకే నా మొదటి గుర్రానికి నీ పేరు పెట్టాను. మంచి జాతిది. కానీ గేటు తెరిచినా కదలదు. మిగతావన్నీ వెళ్ళాక తీరిగ్గా బయల్దేరుతుంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఎవరి మాటా వినదు. పేరు బలం.

తమ్ముడికి,

అందరికీ వడ్డించాక తినడం నాకలవాటు. నా పేరు పెట్టుకున్నది ఇంకేం చేస్తుంది? నవ్వులపాలు చేసింది చాలు. పెద్దక్కను వెంటనే తీసేయ్.

ఇట్లు,
కోపంగా అక్క

తా.క. దానికి వేళకి తిండి పెడుతున్నారా?

అక్కకు,

నీ మాట ఎన్నడైనా కాదన్నానా? అమ్మకానికి పెట్టేశాను. బ్రోకరు ఎవరినో తెస్తాడట. నిన్న లాయంలో మెడ నిమురుతుంటే నా భుజం మీద తల ఆనించింది. కంట్లో సిమెంటు పడిందని తుడుచుకున్నాను. "ఇక్కడ సిమెంటెక్కడిదండీ?" అన్నాడు శిక్షకుడు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. అది మేత ముట్టడం లేదు. నేనూ అంతే.

ఒరేయ్ తమ్ముడూ,

తీసేయమన్నది పేరునిరా, గుర్రాన్ని కాదు! అన్ని మేడలు కట్టావు, బుర్రకొక కిటికీ పెట్టుకోలేకపోయావా? నీ ఉత్తరం చూడగానే అల్లుణ్ణి బ్రోకరు దగ్గరికి తరిమాను. కొన్నది నేనే. సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితాలు చదవొద్దూ?

రోజూ లాయానికి వెళ్ళి, మిగతా గుర్రాలకన్నా ముందు దానికే మేత పెట్టించాను. "ముందు నువ్వు తినవే తల్లీ" అన్నాను. నిన్న గేటు తెరవగానే దూకింది! రెండో స్థానంలో వచ్చింది. మైకులో "పెద్దక్క దూసుకొస్తోంది" అని అరుస్తుంటే కుర్చీ ఎక్కి నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక నా పేరు అంత గట్టిగా ఎవరు పిలిచార్రా! ఇక ఆ పేరు మార్చే ప్రసక్తే లేదు.

ఇట్లు,
గుర్రం యజమానురాలు

తా.క. ఇంకో గుర్రాన్ని బేరమాడుతున్నాను. గేటు తెరవకముందే దూకి తల బాదుకుంటుందట. దానికి నీ పేరే పెడతాను.