ఊపిరితిత్తుల డాక్టరు బేరం

బళేపేట

చిరంజీవి అనూషకు మేనమామ ఓబళప్ప ఆశీర్వదించి రాసేదేమంటే, ఇక్కడ మన అంగట్లో తాళాలు బాగా అమ్ముడుపోతున్నాయి. అంటే ఊళ్ళో దొంగలు కూడా క్షేమంగా ఉన్నారనే అనుకోవాలి.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో మాట్లాడితే మీ అత్త మునిలక్ష్మి పక్క గదిలోంచి వింటుంది. మెసేజీ పెడితే నాకన్నా ముందే చదువుతుంది. అందుకని అంగట్లో కూర్చుని రాస్తున్నాను. మన శామ్యూల్ చందాపురకు సరుకు వేసుకెళ్తూ ఎలక్ట్రానిక్ సిటీలో నీ ఆఫీసు గేటు దగ్గర ఇస్తాడు. జవాబు వాడి చేతికే ఇవ్వు.

ఒక మంచి ఊపిరితిత్తుల డాక్టరు కావాలి. నాలుగు నెలలుగా పొడి దగ్గు. మేడ మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం, గోడ పట్టుకుని నిలబడిపోవడం. మందుల అంగడివాడిచ్చిన సిరప్పు అయిపోయింది, దగ్గు మాత్రం అయిపోలేదు. నీకు కంప్యూటర్లో తెలియనిది లేదని మీ అమ్మ ఊరంతా చెబుతుంటుంది. అదెంత నిజమో చూద్దాం.

ఇట్లు,
మీ మామ ఓబళప్ప

తా.క.: మీ అత్తకు చెప్పవద్దు. మీ అమ్మకు చెప్పినా మీ అత్తకు చెప్పినట్టే.

*

ఎలక్ట్రానిక్ సిటీ

పూజ్యులైన మామకు అనూష నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి భయపడ్డాను. వెంటనే ఆఫీసు పని పక్కన పెట్టి డాక్టర్లందరినీ స్టార్ల లెక్కన వరుసగా పేర్చాను. ఊపిరితిత్తులతో పాటు క్రిటికల్ కేర్ కూడా చదివినవాళ్ళనే చూశాను. అంటే రేపు ఊపిరి బాగా కష్టమై ఐసీయూలో పెట్టాల్సి వచ్చినా అదే డాక్టరు చూసుకుంటారన్నమాట.

మొదటి ముగ్గురికీ దాదాపు అయిదేసి స్టార్లు. కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. అట్టడుగున చందాపురలో ఫర్హానా అని ఒకావిడ ఉంది. సగం స్టార్లు కూడా లేవు. "మందే రాయలేదు", "తిట్టి పంపింది" అని జనం మొత్తుకున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళకూడదో తెలియడానికి ఆవిడ పేరు రాశాను.

మీ మేనకోడలు,
అనూష

తా.క.: మామా, నిజం చెప్పండి. గోడౌనులో చాటుగా సిగరెట్లు కాలుస్తున్నారా? నేను ఎవరికీ చెప్పను.

*

బళేపేట

చిరంజీవి అనూషకు,

సిగరెట్టా? అగరుబత్తి పొగకే బయటికి వెళ్ళి నిలబడే మనిషిని నేను.

నీ మొదటి స్టార్లాయన ఆసుపత్రిలో చేపల తొట్టి ఉంది, కాఫీ అంగడి ఉంది, మెత్తటి సోఫాలున్నాయి. డాక్టరే దొరకడం కష్టమయింది. దొరికాక కంప్యూటరు ముఖం చూశాడు గానీ నా ముఖం చూడలేదు. దగ్గమన్నాడు. వీధికుక్కలు లేచేట్టు దగ్గాను. "బాగా ముదిరింది" అన్నాడు, కంప్యూటరుతోనే. ఇంటికొచ్చి ఆయన గురించి జనం ఏం రాశారో చదివించుకున్నాను. పార్కింగు బాగుందట! పార్కింగు మెచ్చుకున్న ఆ మహానుభావుల ఊపిరితిత్తులు ఏమయ్యాయో ఒక్కరూ రాయలేదు.

రెండో ఆయన స్వెటరు మీదే గొట్టం పెట్టి, ఫోన్లో ఇంటి సైటు బేరం చేసుకుంటూ నా గుండె విన్నాడు. వినిపించింది సైటు ధరో, నా ఊపిరో దేవుడికెరుక. పీల్చే మందులు రెండు రాసి, జీవితాంతం వాడాలన్నాడు.

అయిదు స్టార్లంటే ఇవా? మన అంగట్లో తుప్పు పట్టిన గొళ్ళెం అమ్మినా ఇంతకన్నా శ్రద్ధగా చూసి అమ్ముతాం.

ఇట్లు,
ఓబళప్ప

తా.క.: క్రిటికల్ కేర్ అనే మాట మన ఇంటి చుట్టుపక్కల ఎత్తకు. మీ అత్త వాళ్ళ అక్క ఐసీయూలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి మీ అత్త ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు.

*

ఎలక్ట్రానిక్ సిటీ

మామకు నమస్కారాలు.

ఒక డాక్టరు ముదిరిందంటాడు, ఇంకొకాయన జీవితాంతం మందులంటాడు, మీరేమో చేపల తొట్టి మీద వెక్కిరింపులా? జబ్బును ఒప్పుకోకపోవడం కూడా జబ్బేనట, చదివాను. అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ మీ సందులోని కదిరమ్మవ్వకు మాత్రమే చెప్పింది. మూడో డాక్టరుతో నేనే మాట్లాడాను. రేపు పొద్దున ఆక్సిజనుతో అంబులెన్సు అంగడికే వస్తుంది. దయచేసి ఎక్కండి.

కన్నీళ్ళతో,
అనూష

తా.క.: పైజమా, టూత్ బ్రష్షు పెట్టుకోండి. తాళాల గుత్తి వద్దు, స్కానులోకి రానివ్వరు.

*

బళేపేట

అనూషకు,

ఆశీస్సులు తర్వాత.

నీ అంబులెన్సు మన సందులో గాజుల బండికీ దారాల మూటలకీ మధ్య ఇరుక్కుంది. నలుగురం కలిసి తోశాం. ఆ నలుగురిలో నేనొకణ్ణి. పేషెంటు తోసిన అంబులెన్సును బళేపేట ఇప్పుడే మొదటిసారి చూసింది. ఇంతలో కదిరమ్మవ్వ వచ్చి గల్లాపెట్టె ముందు కూలబడి, "ఏమప్పా ఓబళా, ఇట్లయిపోతివే! ఇంక అంగడి ఎవురు చూస్తారప్పా!" అని ఏడుపు. కొనడానికి వచ్చినవాళ్ళు "అంగడి ఎత్తేస్తుండారా, ధర తగ్గిస్తారా?" అని అడిగారు.

సరేనని ఎక్కాను. అంబులెన్సులో వచ్చిన పాపానికి మూడో డాక్టరు గుమ్మంలోనే ఐసీయూ అన్నాడు. "నడిచొచ్చినా కదప్పా" అన్నాను. "అదే ప్రమాదం" అన్నాడు. కూర్చున్నా ప్రమాదమే అనేవాడేమో, కూర్చోకుండా వచ్చేశాను.

రేపు నీ అట్టడుగావిడ దగ్గరికి పోతాను. మందు రాయలేదని జనం తిట్టే డాక్టరు ఈ ఊళ్ళో ఉందంటే, కళ్ళారా చూడాలి.

ఓబళప్ప

తా.క.: అంబులెన్సువాళ్ళు ఆక్సిజను సిలిండరు మన అంగట్లోనే మరిచిపోయారు. తాళం బేరం చేసేవాళ్ళు దాని మీదే కూర్చుంటున్నారు.

*

ఎలక్ట్రానిక్ సిటీ

మామకు,

ఐసీయూ నుంచి పారిపోయి స్టార్లు లేని డాక్టరు దగ్గరికా! నాకు వేరే దారి లేకపోయింది. ఇంటికి వెళ్ళి అత్తకు అంతా చెప్పేశాను. అత్త ఏడవలేదు. దగ్గు వస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక్క మాట అడిగింది: "ఆ చందాపుర డాక్టరు ఎక్కడ ఉండాది?"

నన్ను ఎంతైనా తిట్టండి. బతికుండి తిట్టండి.

మీ అనూష

తా.క.: అత్తకు కూడా జలుబు చేసినట్టుంది, చూసుకోండి.

*

బళేపేట

చిరంజీవి అనూషకు అనేక ఆశీస్సులు.

జలుబు కాదమ్మా. ఆ దగ్గు మీ అత్తదే. మొదటినుంచీ ఆమెదే. నా ఊపిరితిత్తులకేం, గుండ్రాయిలా ఉన్నాయి.

మన అంగట్లో రిపేరుకు కొత్త మనిషిని పెట్టుకునే ముందు ఏం చేస్తామో నీకు తెలియదు. శుభ్రంగా పనిచేసే తాళం చేతికిచ్చి, చెడిపోయింది చూడప్పా అంటాం. విప్పి, స్ప్రింగు పోయిందన్నవాణ్ణి టీ ఇచ్చి పంపేస్తాం. దీనికేం కాలేదన్నవాణ్ణే పెట్టుకుంటాం. డాక్టర్లకు అదే పరీక్ష పెట్టాను. మీ అత్త దగ్గును నా దగ్గని చెప్పి, బాగున్న ఛాతీని ముందు పెట్టాను. నీ ముగ్గురు స్టార్లవాళ్ళూ స్ప్రింగు పోయిందన్నారు.

ఫర్హానా చొక్కా విప్పించి వీపంతా వింది. రెండుసార్లు మెట్లు ఎక్కించి దింపింది. వేలికి క్లిప్పు పెట్టి చూసి, కోపంగా అంది: "పెద్దాయనా, మీకేం లేదు. నా టైము ఎందుకు తింటుండారు? నిజంగా దగ్గేది ఎవురు? వాళ్ళని పిల్చుకురండి."

డాక్టరు దొరికింది, మీ అత్తను గడప దాటించేదెలా? ఆ తాళానికి నా దగ్గర చెవి లేదు. దాన్ని నీ నోరే తెరిచింది. జబ్బు నాకే అనుకుని మర్నాడు ఆమే నన్ను చందాపురకు లాక్కెళ్ళింది. దారంతా తిట్టింది. ఆసుపత్రి మెట్ల మధ్యలో కూలబడింది మాత్రం ఆమే. ఫర్హానా వచ్చి అక్కడే, మెట్టు మీదే పక్కన కూర్చుంది. "ఇంట్లో పావురాలు ఉండాయా అమ్మా?" అని అడిగింది. మిద్దె మీద మీ అత్త రోజూ గింజలు వేసి, రెట్టలు ఊడ్చేది ఆ పావురాల గుంపుకేగా! ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు వాచాయట. స్కాను కూడా అదే చెప్పింది. పావురాలు మానేసి మందు వాడితే తగ్గుతుంది, ఇంకో ఏడాది ఆగి ఉంటే కష్టమయ్యేదట.

ఐసీయూ మాట మీ అత్తే ఎత్తింది. "పదేళ్ళు అక్కడే పనిచేస్తినమ్మా," అంది ఫర్హానా. "నిన్ను అక్కడికి పంపకూడదనే ఇక్కడ కూర్చోనుండా." నాలుగు నెలలుగా ఆ దగ్గు వింటూ పడుకున్నవాణ్ణి, ఆ మాటకు అందరి ముందూ ఏడ్చేశాను. భయపడ్డానమ్మా, చాలా భయపడ్డాను.

ఇట్లు,
మీ మామ ఓబళప్ప

తా.క.: ఇది మీ అత్త రాస్తున్నది. అనూషా, మీ మామ నా దగ్గును నలుగురు డాక్టర్లకు చూపించి వచ్చినాడంట, గొప్పగా చెప్పుకుంటుండాడు. ఇన్ని నెలల్లో ఒక్కనాడు నా ఎదురుగా కూర్చుని "ఎట్లుండాది నీకు?" అని అడగలేదు. అడిగినా నేను ఆసుపత్రికి పోయేదాన్ని కాదులే. అయినా అడగాల కదా.