వరంగల్ సుబా మొహరు

తిరుమలగిరి, సికింద్రాబాద్
22 డిసెంబరు 1948

మామయ్యకు,

కోడలు ఖుర్షీదా సలాములు. నా ఒంట్లో బాగానే ఉంది. మీ ఆయాసం తగ్గిందని, వేళకు ఇంత తింటున్నారని తలచుకుని రాస్తున్నాను. హన్మకొండలో కూడా చలి ముదిరే ఉంటుంది. పెట్టెలో ఉన్న మీ కొడుకు ఉన్ని కోటు తీసి తొడుక్కోండి. ఆయన కోసమని దాచిపెట్టకండి.

మీరు ఎదురుచూసే మాట ముందే చెబుతాను. హనీఫ్‌ను వదిలిపెట్టారు. మీరన్నట్టే జరిగింది. అర్జీ తాలూకా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి సుబాకు ఎక్కి, సుబా మొహరు పడ్డాకే ఇక్కడి జైలుకు వచ్చింది. మొహరు చూడగానే ఇంకొక్క ప్రశ్న వేయలేదు.

ఇక్కడి సంగతులు ఏం రాయను? పోలీసు చర్య అయి మూడు నెలలైనా జైలు గోడ పక్కన ఆడవాళ్లం పొద్దుటి నుంచి కూర్చునే ఉంటున్నాం. లోపలి నుంచి జవాను వచ్చి ఒక పేరు పిలుస్తాడు. పిలిస్తే సంతోషించాలో భయపడాలో తెలియదు. రజాకార్ల సైకిళ్లు బాగుచేశాడన్నదే కదా మీ కొడుకు చేసిన నేరం. తుపాకీ పట్టుకుని దుకాణం ముందు నిలబడితే చెయ్యనని ఎవరంటారు? ఆ మాట వినిపించుకునే నాథుడు లేడు.

నాకు ఇంత చోటిచ్చిన కాంతమణి మంచి మనిషి. ఆమె భర్త దేవసహాయం మిలిటరీ మెస్సులో వంట చేస్తాడు. నేను వచ్చిన కొత్తలోనే ఆయన, జెర ధైర్యం జేసి గేటు కాడ పెద్ద అఫ్సర్ కాళ్ల మీద పడు చెల్లె, ఈ సుబా గిబా ఏందని అన్నాడు. అది మీకు రాస్తే మీరు మండిపడ్డారు. మెట్టు దాటి పోయిన అర్జీ ఏ కచేరీలోనూ నిలవదని, సుబాకు పెద్దయిన సుబేదారు కచేరీలో జవానుగా నెత్తి నెరిసిన మీకు తెలియదా అని జవాబు రాయించారు. మీ మాట ప్రకారమే ఆగాను.

అసలు సుబా అంటే ఏమిటని కాంతమణి అడిగింది. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని ఈ కంటోన్మెంటు దండులో పుట్టి పెరిగింది, నిజాం రాజ్యం ఎట్లా పంచి ఉందో ఆమెకేం తెలుసు? పెళ్లయిన కొత్తలో మీరు నాకు చెప్పినట్టే చెప్పాను. కొన్ని ఊళ్లు కలిస్తే తాలూకా, తాలూకాలు కలిస్తే జిల్లా, మూడు నాలుగు జిల్లాలు కలిస్తే సుబా. రాజ్యం మొత్తానికి ఉన్నవి నాలుగే. వరంగల్ సుబా అంటే వరంగల్ ఒక్కటే కాదు, కరీంనగర్, ఆదిలాబాద్ కూడా అందులోవే అన్నాను. గంత పెద్దదా అని నోరు తెరిచింది. మరి దాని తలుపు దగ్గర నిలబడింది మా మామయ్యే అన్నాను. చాలా రోజులకు ఇద్దరం నవ్వుకున్నాం.

హనీఫ్ ఇప్పుడే ఇంటికి రాడు. లారీల కాంట్రాక్టరు ఒకాయన పని ఇస్తానని ఔరంగాబాద్ తీసుకుపోయాడు. మన వాడకట్టులో ఇప్పుడప్పుడే కనబడకపోవడం మంచిదని నేనే పొమ్మన్నాను. దూరమే కానీ అదీ మన నాలుగు సుబాల్లో ఒకటే కదా. ఉత్తరాలు ఆలస్యమైతే బెంగ పెట్టుకోకండి.

మీ దువా కోరే కోడలు,
ఖుర్షీదా

తా.క.: పర్వతాలన్నా, ఇక్కడి నుంచి పైకి చదవకండి. మామయ్యకు ఉర్దూ తప్ప తెలుగు చదవరాదు, ఉత్తరం మీరే చదివి వినిపిస్తారన్న ధైర్యంతో పైనంతా అట్లా రాశాను.

హనీఫ్ లేడు. జైల్లో విరేచనాలు పట్టుకుని పోయాడు. అర్జీ సుబా కచేరీ దాటనే లేదు. పాత సుబేదారు వెళ్లిపోయాడు, ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. గేటు దగ్గర కాళ్ల మీద పడ్డవాళ్ల భర్తలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. చివరికి నేనూ పడ్డాను. అఫ్సర్ నిలబడిన చోటే సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుని లోపలికి పోతే ఆయన బట్టలు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. అబ్బా పంపిన సుబా కాగితం వచ్చిందా అని రోజూ అడిగేవాడని పక్కన పడుకున్న మనిషి చెప్పాడు.

ఇది తెలిస్తే కొడుకును తానే చంపుకున్నానని మామయ్య కుమిలిపోతాడు. ఆయన మీద నాకు కోపం లేదని అనను. ఉంది, చాలా ఉంది. అయినా ఆయన తప్ప నాకు ఎవరున్నారు?

వచ్చే మంగళవారం బండికి దిగుతాను. మామయ్యను స్టేషనుకు తేవద్దు. బాలమ్మ వదినను మాత్రం నా చేతులకు సరిపోయే గాజులు తీసుకుని రమ్మనండి. భర్త పోయినదాన్ని, నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించి ఒక మూల కూర్చోవలసినదాన్ని, చేతుల నిండా గాజులు వేసుకునే ఆ గడపలోకి వస్తాను.