చెయ్యెత్తిన మనిషి రాయిని కదపవద్దని మనవి

గురువారం, 21-2-2008

శ్రీ రవీంద్ర గారికి,
శిలల సేకరణ ప్రత్యేకాధికారి,
చిక్కబళ్ళాపురం.

అయ్యా,

విషయం: మిట్టేమరి నుంచి పరగోడు పోయే పాత బండిదారి మలుపులోని రాయిని రేపు క్రేనుతో ఎత్తించు కార్యక్రమం నిలుపుట గురించి, ముఖ్యముగా తమరు స్వయముగా రాకుండుట గురించి.

మొదట ఒక తప్పు దిద్దాలి. ముప్పై నాలుగేళ్ళు బడిలో తప్పులు దిద్దినదాన్ని, చెయ్యి ఊరుకోదు. మంగళవారం తమరు ఆ రాయిని చూసి వీరగల్లు అన్నారు. దాని మీది బొమ్మకు కుడిచేతిలో కత్తి, ఎడమచేత అభయం అని ఫోటోలు తీసే ఆయనకు వివరించారు. అది కత్తి కాదు, ఎడ్లను అదిలించే ములుగర్ర. ఎత్తిన ఆ చెయ్యి అభయం ఇవ్వడం లేదు, పోయొస్తానని చెబుతోంది. ఆ మనిషి వీరుడు కాడు. ఆకలి తీర్చిన ఇంటివాళ్ళ చేతిలోనే చచ్చిన రాగుల వ్యాపారి.

కావున ఈ క్రింది అంశములు మనవి చేయడమైనది.

1. 1876లో వచ్చిన ధాత కరువులో ఒకతను ఎద్దుల మీద నాలుగు గోనెల రాగులు వేసుకుని మా మెట్టినింటి గడపకు వచ్చాడు. ఇంటి పెద్దకోడలు ఉన్నదాంట్లో అంబలి పోసింది. తాగి, "పోయొస్తానమ్మా" అని చెయ్యెత్తి, ఎద్దులను తోలుకుని వెళ్ళాడు. ఆమె మొగుడూ మరిదీ వెనకే పోయి మలుపులో చంపారు. దొంగలు చంపారని ఊళ్ళో చెప్పుకునే కథ కట్టింది కూడా మావాళ్ళే. కరువు కదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ రాగులు తిని బతికిన ఇంటి కోడలిని, నేను వాదించను.

2. మరునాటి మధ్యాహ్నం గడప ముందు "అమ్మా, వచ్చినా" అని పిలుపు. చచ్చినవాడి గొంతు. మరిది తలుపు తీశాడు, ఎవరూ లేరు. మూడోనాడు పొలానికని వెళ్ళిన ఆ మరిది మలుపులోనే పడి ఉన్నాడు, ఒంటిమీద గాయం లేదు. అప్పుడు పెద్దకోడలు ఆ రాయి చెక్కించి నిలబెట్టింది. నాటి నుంచి ఆ రాయి దగ్గర ఎవరూ "పోయొస్తా" అనరు. అన్నవాడి గొంతు మరునాడు మా తలుపు దగ్గర వినిపిస్తుంది, ఆ పిలుపు నుంచి మూడోనాడు ఆ మనిషే రాయి దగ్గరికి వస్తాడు. అందుకని వేరే ఏ గడపలో అన్నా చెంప వాచే మాట, "పోతాండా" అని, తిరిగొచ్చే ఊసు లేకుండా అక్కడ అందరూ నోరారా చెప్పి పోతారు.

3. ఈ అంశము ఫైలు నిమిత్తం జతపరచిన కన్నడ ప్రతిలో లేదు. 1956లో నేను కొత్తకోడలిని. సర్వేకు వచ్చిన నరసింహప్ప గారు ఆ రాయికి ఆనుకుని నిలబడి మా మామగారితో పోయొస్తానన్నారు. మరునాడు మా తలుపు దగ్గర ఆయన గొంతు. మా అత్త గొళ్ళెం పట్టుకుని నిలబడింది.

"తీయొద్దు పాపా. అది ఆయప్ప కాదు."

"ఆయప్ప గొంతే కదత్తా? ఎండలో నిలబెడతామా?"

"గొంతు ఆయప్పదే. నిలబడిండేది ఆయప్ప కాదు."

నేను మెట్రిక్ ప్యాసైనదాన్ని. ఆమె చెయ్యి తోసేసి తలుపు తీశాను. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. మూడోనాడు నరసింహప్ప గారు, పనేమీ లేకపోయినా, సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ రాయి దగ్గర ప్రాణం వదిలారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆ గుండెకు ముప్పై ఏళ్ళు.

4. మంగళవారం తమరు జీపెక్కబోతూ, ఆ రాయి మీద చెయ్యి వేసి, నాతో "పోయొస్తానమ్మా" అన్నారు. గొర్రెలు తోలుకొస్తున్న మా ఆంజనప్ప చేతిలో కర్ర జారిపోయింది.

"అయ్యో సారూ! ఆ మాట యాడైనా అను, ఈడొద్దు! పోతాండా అను!"

"పెద్దామె ముందర అట్లంటారాప్పా? మా అమ్మ కొడుతుంది," అని తమరు నవ్వి, "శుక్రవారం వస్తా" అని దాన్ని ఖాయం కూడా చేశారు. తమ తల్లిగారి పెంపకంలో ఏ లోపమూ లేదు. అదే ఇబ్బంది.

5. నిన్న మధ్యాహ్నం మా తలుపు దగ్గర "అమ్మా, వచ్చినా" అని పిలుపు. గొంతు తమరిది. నవ్వు కూడా తమరిదే. లోపలి నుంచే తమ ఆఫీసుకు ఫోన్ చేశాను. "సారు మీటింగ్‌లో ఉండారమ్మా, నా ఎదురుగానే మాట్లాడ్తాండారు" అన్నాడు గుమాస్తా. అతని మాట పూర్తికాకముందే తలుపవతల మళ్ళీ పిలిచారు. ఈసారి గొళ్ళెం పట్టుకున్నది నేను. సాయంత్రం దాకా వదల్లేదు. రేపటికి మూడోనాడు. తీయకుంటే సరిపోతుందా అని అడగడానికి మా అత్త లేదు.

6. రాయిని తీసుకుపోతే పీడ పోతుందని తమరు అనుకోవచ్చు. దాన్ని కొత్త జిల్లా ఆఫీసు వాకిట్లో నిలబెడతారట. ఆ వాకిట్లో రోజుకు ఎంతమంది "పోయొస్తాం సార్" అంటారో ఒక్కసారి లెక్క వేసుకోండి.

కాబట్టి రాయిని ఉన్నచోటనే ఉండనివ్వాలి. తమరు రాకూడదు. రేపు తమరే స్వయంగా వచ్చి తట్టినా నేను తలుపు తీయను. తేడా నాకు తెలియదు.

ఇది చిత్తగించి, రేపంతా తమ కుర్చీలోనే కూర్చోవలెను.

తమ విధేయురాలు,
చెన్నమ్మ
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు

తా.క. ఈ అర్జీ తెచ్చిన ఆంజనప్ప తమ వరండాలోనే కూర్చుని ఉంటాడు. ఒక తెల్లకాగితం మీద తమ చేతిరాతతో "మంగళవారం అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. పోతున్నాను" అని రాసి, సంతకం పెట్టి అతనికి ఇవ్వండి. ఆఫీసు ముద్ర అక్కర్లేదు. ఆ రాయిలోని ఆయనకు చదువు రాదు, రేపు పొద్దున నేనే ఎదురుగా నిలబడి చదివి వినిపిస్తాను. పనిచేస్తుందో లేదో చెప్పలేను, ఇంతవరకు ఎవరూ రాసివ్వలేదు. ఆంజనప్పకు రెండున్నర బస్సు తప్పితే ఇంకోటి లేదు. ముందు జీపు డ్రైవరుకు రేపటికి సెలవిచ్చి పంపేయండి, ఆ తరువాత కలం తీయండి.