కారు బాగయింది, గుర్రాన్ని అమ్మకండి

నారిన్, ఆదివారం

మన అమ్మాయి బెర్మెట్ నాన్నగారికి, ఇక్కడ అందరం కులాసా.

కారుకు కొత్త బ్యాటరీ కొనడానికి మీ బూడిదరంగు గుర్రాన్ని బేరానికి పెట్టారని, కొండమీద మీ దగ్గరి నుంచి దిగి వచ్చిన మీ తమ్ముడు సగిన్ చెప్పాడు. అమ్మకండి. బ్యాటరీ బాగానే ఉంది. బ్యాటరీ తీగ విప్పి మధ్యలో చిన్న బల్బు తగిలిస్తే, కారు ఆపి ఉన్నా అది వెలిగింది; అంటే కరెంటు ఎక్కడికో పోతోందన్నమాట. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతుంటే సగిన్ నవ్వాడు.

"ఇవేమన్నా కోడి ఈకలా వదినా?"

"నీళ్లు పోతుంటే కుళాయిలు ఒక్కొక్కటే కట్టి చూడమా నాయనా?"

డిక్కీ దీపం ఫ్యూజు తీయగానే బల్బు ఆరిపోయింది. డిక్కీలో ఎక్కించే గొర్రెపిల్లలకు చలి తగలకూడదని మీరు మడతపెట్టి పరిచిన కంబళి, డిక్కీ మూతను పూర్తిగా పడనివ్వడం లేదు. లోపలి దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంది.

"అన్నయ్య ప్రేమే బ్యాటరీని తాగేసింది!" అన్నాడు సగిన్.

కంబళి అంచు కత్తిరించి, బ్యాటరీకి చార్జింగ్ పెట్టించాను. ఈ ఉదయం తాళం తిప్పగానే కారు స్టార్టయింది. శనివారం బెర్మెట్‌తో అందులోనే వస్తాను. ఉప్పు, టీ ఆకు ఉన్నాయా? మీ మోకాలు ఎలా ఉంది? కొండమీదికి వచ్చే లారీ అతనితో చెప్పి పంపండి.

అత్తయ్యకు దండాలు. గుర్రం మెడ నిమిరి, ఎక్కడికీ పోనక్కరలేదని చెప్పండి.

మీ ఆసిల్