సునీత గది గడియ

జులై 2006, మంగళవారం రాత్రి

ఆటిజం కోర్సు చేసొచ్చిన తోటి థెరపిస్టు సునీత సర్టిఫికెట్‌ను ఇవాళ మా క్లినిక్ గోడకు తగిలించారు. పక్కనే దుమ్ముపట్టిన నా స్పీచ్ థెరపీ డిగ్రీ. ఒళ్లు మండింది.

ఇంద్రేశం ఊరి నుంచి కావ్యను తీసుకొచ్చే వాళ్లమ్మ అది చూసి, "మేడం, మా పిల్లను ఇగ సునీత మేడం తానకే పంపుత. ఏమనుకోకుండ్రి," అంది.

"అయ్యో, దానికేముందమ్మా," అని నవ్వాను.

మాట రాని ఆ పిల్ల ఎదుట ఏడాదిగా నేలమీద కూర్చున్నది నేను. ఒక్కనాడూ నన్ను తాకలేదు. ఇవాళ సునీత దగ్గర కాసేపు ఆడుకుని బయటికొచ్చి, తనంతట తానే నా చెయ్యి పట్టుకుంది. కదిలితే వదిలేస్తుందేమోనని అలాగే నిలబడ్డాను. లాక్కెళ్లి, నా చేతిని మళ్లీ సునీత గది గడియ మీదే పెట్టింది.

"ఏం కావాలో అడుగు తల్లీ" అని ఏడాదిగా బతిమాలింది నేనే. ఇవాళ అడిగింది. తీశాను.