మీ ముందు నలుగురే

పూజ్యులైన మావయ్యకి, మీ హోటల్ గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో స్కూటర్ మీద కూర్చుని మేనల్లుడు సవినయంగా రాయునది ఏమనగా:

నాలుగు నెలలు కష్టపడి మీకు క్యూ యాప్ తయారు చేశాను. వచ్చినవాళ్లు ఫోన్‌లో నంబరు తీసుకుని ఎక్కడైనా కూర్చోవచ్చు. వంతు రాగానే ఫోనే పిలుస్తుంది. "ఆదివారం దాకా చూస్తాను, వంతు రావట్లేదన్న ఫిర్యాదులు ఆగకపోతే మళ్లీ పేర్లు రాసుకునే నోటుబుక్కే" అన్నారు. అందుకని లోపం వెతకడానికి ఇవాళ నేనే కస్టమర్‌లా నంబరు తీసుకున్నాను.

"మీ ముందు నలుగురే" అంది యాప్. ముప్పావుగంట తర్వాత కూడా ఆ నలుగురే.

లోపం దొరికింది మావయ్యా. అది తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నంబరు లేకుండా నడిచొచ్చిన ప్రతివాళ్లనీ "పాపం, ఎంతసేపు నిలబడతారు, రండి రండి" అంటూ ఖాళీ అయిన టేబుల్ దగ్గర కూర్చోబెడుతోంది. నంబరు తీసుకుని బయట కార్లలో కూర్చున్నవాళ్లు కళ్లకి కనబడరు కాబట్టి వాళ్లకి ఆకలి వేయదని దాని నమ్మకం.

ఇందాక ఫోన్ చేస్తే, "నీ యాప్ పుణ్యమా అని గుమ్మం ఎంత ఖాళీగా ఉందిరా" అని మెచ్చుకుని పెట్టేశారు.

కోడ్‌లో తప్పయితే గంటలో దిద్దేవాణ్ని. మీ జాలిని దిద్దడం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఒక్కసారి బయటికొచ్చి ఈ కార్ల అద్దాల్లోంచి చూడండి. పాపం అనడానికి ఇక్కడా మనుషులున్నారు.

ఈ ఉత్తరం ఇప్పుడే కారు దిగిన పెద్దాయన చేతికిస్తున్నాను. ఆయనకి నంబరు లేదు. కాబట్టి నాకంటే ముందే మిమ్మల్ని చేరతారు.

ఇట్లు,
పదిహేడో నంబరు